ఎటూ మొగ్గని జంపఖానా

మంగళవారం ఉదయం ఏడూ ఇరవైకల్లా జనగామ స్టేషన్‌లో ఉన్నాను. ఏ పని మీద బయలుదేరానో వింటే మీరు నవ్వుతారు. టికెట్ల దగ్గర నా వెనక నిలబడ్డాయన అప్పటికే నవ్వాడు. ఇంకా పుట్టని బిడ్డ గదిలో నేల మీద పరవడానికి ఒక తివాచీయో, జంపఖానాయో కొనాలి. షరతు ఒక్కటే. దాన్ని చూసినవాళ్లకు ఆడపిల్ల కోసమనీ అనిపించకూడదు, మగపిల్లవాడి కోసమనీ అనిపించకూడదు. కొని, భూపాలపల్లిలో ఉన్న మా అమ్మాయి రజితకు చేర్చాలి.

రజితకు ఎనిమిదో నెల. అల్లుడు బొగ్గు గనిలో పని చేస్తాడు. వాళ్ల క్వార్టర్‌లో చిన్న గది ఖాళీ చేసి రాబోయే బిడ్డ కోసం సిద్ధం చేస్తున్నారు. మొదటి బిడ్డ సహస్రకు ఆరేళ్లు. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ రజిత కడుపు వైపు చూసి "ఈసారి మగపిల్లోడే" అని దీవించి పోతున్నారట. అవన్నీ విన్న సహస్ర ఒకరోజు "నేను పుట్టినప్పుడు అందరు ఏడ్చిన్రా అమ్మా?" అని అడిగిందట. అప్పటి నుంచి రజిత పట్టు పట్టింది. ఆ గదిలో ఏ వస్తువూ ఎవరి పక్షానా మాట్లాడకూడదని గోడలకు మీగడ రంగు వేయించింది. కింద పరిచేది తెచ్చే పని నాకు అప్పగించింది.

నాకే ఎందుకంటే, సహస్ర పుట్టిన రోజు అల్లుడు ఫోన్‌లో కబురు చెప్పగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఆడివిల్లనా? సరే తియ్, మల్లసారి చూద్దాం." స్పీకర్ పెట్టి ఉందని నాకు తెలియదు. మంచం మీద ఉన్న రజిత విన్నది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మొన్న ఫోన్ చేసి మాత్రం, "బాపూ, నువ్వన్న మల్లసారి వచ్చింది. గీసారన్న జర సూస్కొని కొను" అంది. సిగ్గుపడ్డాను, ఉన్నమాట చెప్పాలి కదా.

ముందురోజు సాయంత్రం జనగామలోనే ప్రయత్నించాను. దుకాణదారు "బాబుకా, పాపకా?" అని అడిగాడు. ఎవరికైనా పనికొచ్చేది చూపించమన్నాను. కార్ల బొమ్మలున్న నీలం రంగుది, కుందేళ్లున్న గులాబీ రంగుది తెచ్చి పక్కపక్కన పరిచాడు. "రెండు తీస్కపో అన్నా, పుట్టినంక ఒకటి వాపస్ తే" అన్నాడు. బూడిద రంగుది ఉందా అంటే నన్ను అదోలా చూసి, "మంచి పనికి పోతా గా రంగేంది" అని పైనుంచి దించనే లేదు. చివరికి మా పక్కింటాయన, మానుకోటలో జంపఖానాలు అమ్మే పెద్దమనిషి ఉన్నాడని దారి చెప్పాడు. మహబూబాబాద్‌ను ఈ వైపు అందరం మానుకోట అనే అంటాం.

బయలుదేరేటప్పుడు మా ఆవిడ సుగుణ గుమ్మంలో అడ్డం పడింది. "పుట్టకముందు ఎవలన్న కొంటరా? పుట్టినంక గూడ పసిపిల్లను కొత్తదాని మీద పండవెట్టరు. ఇంట్లోళ్లు వాడిన పాతది వెయ్యాలె" అంది. నేను ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేసినవాణ్ణి. టైము దాటుతుంటే ఎవరి మాటా నా చెవికెక్కదు. సంచి తీసుకుని బయటపడ్డాను.

రైలు పదకొండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మీరు ఈ దారిన వెళ్తే వరంగల్ దాకా సీటు మీద ఆశ పెట్టుకోకండి. వరంగల్‌లో పెట్టె సగం ఖాళీ అయింది, నాకు కిటికీ దొరికింది. ఎదురుగా కేసముద్రం మార్కెట్‌కు పోతున్న మిర్చి రైతు, ఆయన పక్కన నెక్కొండలో దిగాల్సిన ఒక అక్క కూర్చున్నారు. ఊరుకోలేక వాళ్లకు నా సమస్య చెప్పాను.

"పసుపు రంగుది తీస్కో, పరేషానే లేదు" అన్నాడు రైతు.

"పసుపంటే ఆడివిల్లే" అంది అక్క.

"అయితే ఆకుపచ్చ."

"చిలకల రంగు. ఆడివిల్లే."

"మట్టి రంగు?"

"నాగలి దున్నేటోని రంగు. మొగపిల్లగాడు."

నెక్కొండ వచ్చేలోపు ఆమె ప్రపంచంలోని రంగులన్నిటినీ రెండు వరసల్లో నిలబెట్టింది. బస్సులో క్యూ కట్టించడం కూడా ఇంత నిక్కచ్చిగా నాకెప్పుడూ చేతకాలేదు. ఆమె దిగిపోయాక రైతు తగ్గు గొంతుతో, "తెలుపు అడగకపోతిమి" అన్నాడు. తెల్లటి గుడ్డ మీద పసిబిడ్డను పడుకోబెట్టమంటే సుగుణ నన్ను ఇంట్లోకి రానివ్వదని చెప్పాను.

తొమ్మిదీ నలభైకి మానుకోటలో దిగాను. స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. చట్నీ పలుచన, కానీ వేడిగా ఉంది. దుకాణం అక్కడికి పది నిమిషాల నడక. ఈసారి జాగ్రత్తపడి, ఎవరికని అడగ్గానే "నాకే" అన్నాను. పెద్దాయన నా మోకాళ్ల వైపు చూసి, పరుపంత మందంగా ఉన్నది ఒకటి తీసి, "నొప్పులున్నోళ్లకు గిది మంచిగుంటది" అన్నాడు. అబద్ధం అక్కరకు రాలేదు. కూర్చుని, ఫోన్‌లో నేనన్న మాటతో సహా మొత్తం చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. కొత్త మనిషి దగ్గర నోరు తేలికగా పెగులుతుందేమో.

ఆయన లోపలికి వెళ్లి ఒక జంపఖానా చుట్ట తెచ్చి నా ముందు దొర్లించాడు. సన్నవి, వెడల్పువి చారలు. ఎరుపు పక్కన నీలం, దాని పక్కన ఆవపిండి రంగు, ఆకుపచ్చ, మళ్లీ ఎక్కడో చిన్న గులాబీ గీత, ఆ తర్వాత ఇటుక రంగు.

"మగ్గం మీద మిగిలిన దారాలతోని నేసింది ఇది. ఏ రంగు ఎంత పడాలని ఎవలు అనుకోలే. దారం ఉన్నంత సేపు నేసిన్రు, అయిపోతే ఇంకోటి అందుకున్నరు" అన్నాడు.

నాకు అది చూడగానే నచ్చింది. బేరం ఆడటం కూడా మరిచిపోయాను. ఈ సంగతి సుగుణకు చేరకూడదు.

పదకొండుంబావుకు గూడూరు మీదుగా నర్సంపేట పోయే బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేని రోజులు కదా, బస్సంతా వాళ్లే. మగవాళ్లం డ్రైవర్, కండక్టర్, నేను, వెనక సీట్లో నిద్రపోతున్న ఒకాయన. చుట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గూడూరు దాటి కొంచెం దూరం పోగానే టైరు పంక్చరయింది. చెట్ల నీడ చూసుకుని అందరం దిగాం.

నా పక్క సీట్లో వచ్చిన లంబాడా ముసలమ్మ తన వెంట ఉన్నవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అని, నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"గా సుట్టల ఏముంది తమ్మీ?"

"జంపఖానా, అవ్వా. నా బిడ్డకు ఎనిమిదో నెల. పుట్టబోయే పిల్లకు."

"కొత్తదా? కొత్తదాని మీద ఎట్ల ఏస్తరు? ఎవలన్న కూసోవాలె, పండాలె. అప్పుడు పిల్లకు పనికొస్తది."

పొద్దున గుమ్మంలో విన్నదే మళ్లీ గూడూరు అవతల వినిపించింది. చుట్ట విప్పి చూపించాను. వెంటనే చుట్టూ మనుషులు మూగారు. ఎరుపు ఎక్కువుంది, ఆడపిల్లే అంది ఒకామె. నీలం చార వెడల్పుంది, మగపిల్లాడే అంది ఇంకొకామె. మూడో ఆమె వంగి వేలు పెట్టి చారలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇంత తిరిగింది మళ్లీ ఇందుకేనా అనిపించింది.

ముసలమ్మ వాళ్లను చేత్తో ఆపింది. "జంపఖానా కడుపు సూసి చెప్తదా? మా తండాల పిల్లను బొంత మీద ఏస్తం. అవ్వ చీర, తాత ధోతి, మేనత్త ఓణీ, అన్ని కలిపి కుట్టిన బొంత. గా బొంత ఆడిదా, మొగదా? ఇంట్లోళ్లందరిది. పర్వు తమ్మీ, కూసుంటం."

పరిచాను. క్షణంలో ఏడుగురు కూర్చున్నారు. నా జంపఖానా మీద నాకే చోటు లేదు. మూటలు విప్పారు, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం బయటికి వచ్చాయి. ముసలమ్మ నాకు ఒక రొట్టె చేతిలో పెట్టింది. నిలబడే తిన్నాను. కారం కళ్లల్లో నీళ్లు తెప్పించింది, ఇంకొంచెం అడిగి వేయించుకున్నాను. వాళ్లు లేచేసరికి ఆవపిండి రంగు చార మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక ఉంది.

"ఇగ పాతదైంది" అని ముసలమ్మ తృప్తిగా బస్సెక్కింది.

ఒంటిగంటా నలభైకి నర్సంపేట, మూడింటికి హన్మకొండ. నర్సంపేటలో భూపాలపల్లికి నేరుగా బస్సుందేమోనని ఎదురుచూడకండి, హన్మకొండ వచ్చి ఎక్కడమే మేలు. పరకాల దాటేదాకా తడి రుమాలుతో ఆ మరకను రుద్దుతూనే ఉన్నాను. అది ఇంకొంచెం వెడల్పయింది. అయిదూ అయిదుకు భూపాలపల్లిలో దిగాను. గని నుంచి డ్యూటీ దిగినవాళ్ల మోటార్ సైకిళ్ల మధ్య నుంచి క్వార్టర్స్ దాకా నడిచాను.

రజిత గుమ్మంలోనే ఉంది. చుట్టను చూసి లోపలికి దారి ఇచ్చింది. మీగడ రంగు గదిలో పరిచాను. మరక కిటికీ వెలుతురులోనే పడింది. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపు సహస్ర పరిగెత్తుకొచ్చి దాని మీద పడి ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లింది. అప్పుడు లేచి కూర్చుని అడిగింది.

"ఇది తమ్మునికా తాతా?"

"నీదే బిడ్డా. కొత్తది పసిపిల్లలకు వెయ్యరు. ముందు నువ్వు వాడి పాతది చెయ్యాలె. తర్వాత ఎవరొస్తే వాళ్లకు నువ్వే ఇయ్యాలె."

"మొత్తం ఇయ్యాల్నా?"

"నీ ఇష్టం."

"సగం ఇస్తా" అంది. మరక ఉన్న సగం చూపించింది.

రజిత నవ్వింది. ఎన్నాళ్లకో చూశాను ఆ నవ్వు. అంతలోనే సహస్ర, "తాతా, నేను పుట్టినప్పుడు నువ్వేమన్నవ్?" అని అడిగింది. రజిత వైపు చూశాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది, నన్ను ఆదుకునే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"సరే తియ్, మల్లసారి చూద్దాం అన్న. తప్పుమాట. మీ అమ్మ విన్నది."

సహస్ర ఒక చార మీద వేలు రాస్తూ అడిగింది. "మల్లసారి అంటే ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

"మరి ఇప్పుడేమంటవ్?"

మరకను బొటనవేలితో మళ్లీ రుద్దాను. "సరే, ఆలోచించుకొని చెప్పు. ఫోన్‌ల చెప్పినా సరే" అంది సహస్ర, వాళ్ల టీచర్ గడువిచ్చినట్టు. రజిత నా చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చి, "ఫోన్ నేనే చేస్త బాపూ" అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు తిరుగు బస్సు ఎక్కాను. హన్మకొండలో టీ తాగి జనగామ బస్సు పట్టుకున్నాను. అయిదు ఊళ్లు, ఒక రైలు, అయిదు బస్సులు. తేలిందేమిటంటే, మనుషుల కళ్లకు ఎటూ మొగ్గని రంగు ఏ దుకాణంలోనూ లేదు. ఫోన్ వచ్చిన రోజు నేనేమంటానన్నదే నా చేతిలో ఉంది. 'శుభం' అనుకున్నాను, పెళ్లిపత్రికలా ఉంది. 'ఎవరైతేనేం' అనుకున్నాను, అందులో పాత వాసన కొడుతోంది. బస్సు హన్మకొండ దాటుతుండగా సరైన మాట దొరికింది. పెదాలు కదుపుతూ నాలుగైదుసార్లు అనుకుని, చివరికి గొంతు పెట్టి పైకే అన్నాను.

"నువ్వెట్లున్నవ్ బిడ్డా?"

ఎదురుగా టికెట్ మిషన్ పట్టుకుని నిలబడ్డ కండక్టరమ్మాయి ఒక్క క్షణం ఆగింది. రజిత కంటే చిన్నదే. ఆమె ముఖం మెత్తబడింది.

"మంచిగున్న బాపూ" అంది. "ఎక్కడికి?"

జనగామ ఒకటి ఇవ్వమన్నాను.