మైనస్ ఆరు

ఇన్నేళ్ళ తర్వాత కూడా చెబుతున్నాను, ఆ లెక్కకి జవాబు మైనస్ ఆరే. ఎవరైనా కాదంటే ఇప్పటికిప్పుడు పోట్లాటకి సిద్ధం.

తొంభైల నడిమికాలం. భిలాయిలో పదకొండో తరగతి చదువుతున్నాను. లెక్కల సెక్షన్ నిండా మగపిల్లలు, మేం ఆడపిల్లలం అయిదుగురం. మా లెక్కల సారు మొదటిరోజే ఒక చట్టం చేశారు. మొదటి టెస్టులో ఇరవై అయిదుకి పదిహేను రాని ఆడపిల్ల హోమ్ సైన్స్‌కి మారిపోవాలి. మగపిల్లలకి తొమ్మిది వస్తే చాలు. ఎందుకు సార్ అని నేనే అడిగాను. "వాళ్ళు ఎలాగో నెట్టుకొస్తారు, మీవల్ల కాదు" అన్నారు హిందీలో, నవ్వుతూ. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. ఆ ప్లాంటులోకే నేను ఇంజనీరునై, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళాలి. నాకున్న కోరిక అదొక్కటే, దానికి లెక్కలు కావాలి. హోమ్ సైన్స్ చదివినదాన్ని ఆ గేటు లోపలికి ఎవరు రానిస్తారు?

టెస్టు సంకీర్ణ సంఖ్యల మీద. ఒక్కో సంఖ్యలో రెండు ముక్కలుంటాయి. ఒకటి మామూలుది, రెండోది ఐ అనే అక్షరం తగిలించుకున్నది. షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్న నాన్న ముందు కూర్చుని, మూడు ప్లస్ రెండు ఐకి ఒకటి ప్లస్ నాలుగు ఐ కలుపుతున్నాను.

"ఈ ఐ ఏటే గుంటా?"

"అడ్డంగా పోయేది నాన్నా. మామూలుది పొడుగునా పోతుంది."

ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి, ముద్ద చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించాడు.

"ఓస్, ఇంతేనా! మా క్రేనూ అంతే గదేటి. షెడ్డు పొడుగునా పోతాది, అడ్డంగానూ పోతాది. పొడుగు పొడుగులో కలుపు, అడ్డం అడ్డంలో కలుపు. నాలుగూ, ఆరూ. రెండూ కలిపీసి పది అన్నోడు సరుకట్టుకెళ్ళి గోడకి కొట్టీస్తాడు."

మా తరగతిలో సగంమంది గోడకి కొట్టేసినవాళ్ళే. నేను మాత్రం కొట్టలేదు.

అయినా పేపరు చేతికొచ్చేసరికి పద్నాలుగు! ఒక్క మార్కు తక్కువ. నేను నిజంగా తప్పు చేసినవి పోను, ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందా అని చూస్తే, మైనస్ నాలుగు వర్గమూలాన్ని మైనస్ తొమ్మిది వర్గమూలంతో గుణించమన్న దగ్గర. మొదటిది రెండు ఐ, రెండోది మూడు ఐ. గుణిస్తే ఆరు ఐ స్క్వేర్. ఐ స్క్వేర్ అంటే మైనస్ ఒకటి కాబట్టి మైనస్ ఆరు. సారు దాని మీద ఎర్రగా అడ్డగీత కొట్టి పక్కన ఆరు అని రాశారు. మైనస్‌లు రెండూ ముందే గుణించేసి, ముప్పై ఆరు చేసి, దానికి మూలం తీశారన్నమాట. మామూలు అంకెలకి చెల్లే సూత్రాన్ని ఇక్కడికి లాక్కొచ్చారు. తప్పు ఆయనది, శిక్ష నాకు.

ఇంట్లో చెప్పగానే అమ్మ అందుకుంది. "పోనీయే. హోమ్ సైన్సయితే ఏటి తప్పు? సార్తో తగువేటి? తానట్టిన కుందేలికి మూడే కాళ్ళంటాది, ఎవుల పోలికో!"

నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు. "నీది రైటేనా?"

"నాలుగుసార్లు చేసి చూశాను."

"అయితే రెండు సేతులూ ఎత్తు."

క్రేన్ దగ్గర ఒక పద్ధతి ఉంది. సరుకు ఎత్తమనీ దించమనీ సైగ చేసే హక్కు ఒక్కడికే. కానీ రెండు చేతులూ పైకెత్తి ఆపమనే సైగ ఎవరు చేసినా ఆపితీరాలి. ఒకసారి షెడ్డు ఊడ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ చేతులెత్తితే నాన్న క్రేన్ ఆపేశాడట. ఫోర్‌మన్ బూతులు తిట్టాడట. చూస్తే సరుకు కింద ఒక వెల్డరు వంగి పని చేసుకుంటున్నాడు.

"సేతులెత్తినోళ్ళు పెద్దోళ్ళా సిన్నోళ్ళా అని సూడం. కింద ఎవులో ఉన్నారని ఆపుతాం. ఒకటి గేపకముంచుకో, బండి ఆగీదాకా సేతులు దించకూడదు."

మర్నాడు సారు పేపరంతా బోర్డు మీద చేస్తూ ఆ లెక్క దగ్గరికొచ్చి ఆరు అని రాశారు. లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తాను. తరగతి ఘొల్లుమంది.

"సార్, అలాగైతే ఐని ఐతో గుణిస్తే ఒకటి రావాలి. మైనస్ ఒకటని మీరే రాయించారు. రెండిట్లో ఏది కొట్టేయమంటారు?"

"బైఠ్ జావ్" అన్నారు.

కూర్చోలేదు. ఆయన తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయారు. భుజాలు పీకాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక బెంచీవాడు కాగితం ముక్కలు విసిరాడు. గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాను. ఆయన నావైపు చూడకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం చెయ్యి నోటిదాకా లేవలేదు. అమ్మ తిట్టుకుంటూనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. "సదవేస్తే ఉన్న మతి పోయిందట నీకు. తిను. రేపు మల్లీ నిలబడాల గదా!" అమ్మ నోట ఆ మాట విని ఏడ్చేశాను.

రెండోరోజు సారు సుద్దముక్క తీసేలోపే చేతులెత్తాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన బోర్డువైపు తిరిగి రెండు ఐ, మూడు ఐ, ఆరు ఐ స్క్వేర్ అని మెల్లగా రాసుకుంటూ వచ్చి, చివర ఆరుకి ముందు మైనస్ పెట్టారు. తప్పయిందని మాత్రం అనలేదు. నా దగ్గరికొచ్చి, బల్ల మీదున్న నా పేపరు తీసుకుని పద్నాలుగుని పదిహేను చేశారు. ఆఫీసుకి పంపాల్సిన హోమ్ సైన్స్ జాబితా తీసి నా రోల్ నంబరు కొట్టేశారు.

ఆ కాగితం నా కళ్ళముందే ఉంది. నా నంబరు కింద మరో రెండు నంబర్లున్నాయి. మా అయిదుగురిలోనే ఇద్దరు ఆడపిల్లలవి, పన్నెండూ పదకొండూ వచ్చినవాళ్ళవి.

"అబ్ హాత్ నీచే కరో", ఇక చేతులు దించు, అన్నారు సారు.

"మగపిల్లలకి తొమ్మిది చాలినప్పుడు వీళ్ళకి పన్నెండూ పదకొండూ ఎందుకు చాలవు సార్?"

నా పక్కనున్న పిల్ల నా చున్నీ పట్టుకుని లాగింది. "నీది అయిపోయింది కదే, ఇంక కూర్చో."

"బండి ఆగలేదు" అన్నాను. చేతులు దించలేదు.