జనాన్ని తెచ్చింది మిషను కాదు, కేసెట్లు

మా వీడియో గేమ్ మిషను గొప్పది కాబట్టే మా పేట భాలుబాసా అంతా మా ఇంట్లో చేరేదని మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. మిషనే గొప్పయితే పక్క పేట అగ్రికోలో ఇంజనీరుగారి గుమ్మం ముందు చేరాలి జనం. వాళ్లది మాదానికంటే ఖరీదైనది, బొమ్మ ఇంకా సాఫుగా కనిపించేది. కానీ దాన్ని చేసిన కంపెనీ తప్ప దానికి ఇంకెవరూ ఆటలు చెయ్యలేదు. ఉన్నవి ఆడేశాక వాళ్లావిడ దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేసింది. మాదానికైతే ఊరూ పేరూ లేని కంపెనీలు కూడా ఆటలు చేసేవి.

ఎనభైల్లో మాట. నేను కాలేజీలో ఉన్నాను. నాన్న నది మీదున్న మాంగో వంతెన మీద వానలో సైకిలు జారి కాలు విరగ్గొట్టుకున్నారు. మొదట్లో వచ్చిన షిఫ్టు స్నేహితులు రానురాను మానేశారు. కార్ఖానా కూత వినపడగానే నాన్న కిటికీలోంచి రోడ్డు చూసేవారు. ఎవరూ రాకపోతే అమ్మ మీద విసుక్కునేవారు. అది చూడలేక, ఓడల్లో పనిచేసే చిన్నాన్న ఈ మిషను తెచ్చి మా టీవీకి తగిలించి వెళ్లాడు. దాంతో వచ్చింది ఒకటే ఆట. కొన్నాళ్లకే నాన్నకి మొహం మొత్తింది. మళ్లీ కిటికీయే.

అప్పుడొక సాయంత్రం షిఫ్టులో నాన్న పాత జోడీ, మేము మావయ్య అని పిలిచే ఆయన, చేతిలో ఆట కేసెట్టుతో దిగాడు.

"ఏటి బావా, కాలిరిగితే మనిషి కూడా ఇరిగిపోతాడేటి? కలకత్తా ఎల్తే దొరికింది. నీ డబ్బాలో పెట్టు."

"ఇన్నాళ్లకి గుర్తొచ్చేనేటి?"

"నువ్వలా మూలుగుతా కూకుంటే ఎవుడొత్తాడు? ఆట పెట్టు, అందరం వత్తాం."

అది వేరే కంపెనీ కేసెట్టు. అయినా చక్కగా ఆడింది. ఆ కబురు పాకి, అలాంటి మిషనే ఉన్న ఇళ్లవాళ్లు తమ కేసెట్లు పట్టుకొచ్చారు. అమ్మ ఏ కేసెట్టునీ ఉత్తినే తిరిగి పంపలేదు; పక్కింటి గిన్నె తిరిగిచ్చినట్టే, దాంతో చేగోడీలు కట్టిచ్చేది.

"కేసెట్టుకి కూడా ఏటమ్మా?" అన్నాను.

"మనకిచ్చినోళ్లని ఉత్త చేతులతో ఎలా పంపుతామే? నోర్మూసుకుని పొట్లం కట్టు."

పక్క లైను సర్దార్జీ అయితే, "భాభీజీ, దో కేసెట్ లాయా హూఁ, చేగోడీ డబల్!" అని, తెచ్చిన రెండు కేసెట్లూ ఊపుతూ గుమ్మంలోంచే కేకేసేవాడు. నాన్న కర్ర వదిలేసి డ్యూటీకి వెళ్లేదాకా ఆ గది ఖాళీ లేదు.

ఇదంతా తమ్ముడితో వాదించి గెలిచాను. తేలనిది ఒక్కటే. అన్నాళ్లు మా గుమ్మం తొక్కని మావయ్యకి, మా ఇంట్లో ఉన్న మిషను ఏదో, దానికి ఏ కేసెట్టు పడుతుందో ఎలా తెలిసింది? తనంతట తనే ఆరా తీశాడా, లేక అమ్మ వెళ్లి చెప్పిందా?