మా నాన్న చూసిన ఒకే ఒక్క మ్యాచ్

ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడి జీతం తెచ్చుకుంటుందంటే గజపతినగరంలో ఎవరూ నమ్మని రోజులవి. నిజం చెప్పాలంటే, ఆ జీతం తీసుకుంటున్న నాకే సరిగ్గా నమ్మకం కుదరలేదు. నేను గోల్‌కీపర్ని కావడం వెనక గొప్ప ఆశయమేమీ లేదు. హైస్కూల్లో పరిగెత్తడానికి బద్ధకించి ఓ మూల నిలబడితే, నా పొడుగు చూసి మా డ్రిల్లు మేడం నా రెండు పక్కలా చెరో కర్ర పాతించింది. అలా మొదలై, చివరికి చెన్నైలో ఓ మహిళల క్లబ్బులో తేలాను.

మా నాన్న తాపీ మేస్త్రి. మా బాప్టిస్టు చర్చిలో ఆయన ప్రార్థన మొదలెడితే బస్టాండు దాకా వినిపించేది. వాట్సాప్‌లో నా ఫొటోలు చూసి చూసి, ఓసారి ఆట కూడా చూద్దామని జీడిపప్పు పొట్లంతో రైలెక్కి వచ్చేశాడు. సరిగ్గా నా గోల్ వెనక మెట్టు మీద, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు మా జట్టుదే పైచేయి. బంతి అవతలి కొసన, నేను ఇవతలి కొసన.

"ఒలే గుంటా, అందరికీ ఎర్ర సొక్కాలిచ్చి నీకొక్కదానికీ పచ్చదేటే? ఏటి తప్పు సేసినావు?" వెనకనుంచి కేక.

"తప్పు కాదు నాన్నా, కీపర్‌కి వేరే రంగే ఇస్తారు."

"మరి బంతివ్వరేటి? ఇంత దూరం వచ్చీసినాను!"

బంతి నా దగ్గరికి రాకపోతేనే మనం గెలుస్తున్నట్టని చెప్పాను. ఆయనకదేమీ ఊరటగా తోచలేదు. విరామంలో నేరుగా మా కోచ్ దగ్గరికెళ్ళి, "మా పిల్ల కూడా బాగానే తంతాదండి, ఓ సూపు సూడండి" అని జీడిపప్పు చేతిలో పెట్టాడు. (తెలుగు ముక్క రాని ఆ అరవాయన జీడిపప్పు తిని, నాన్నని కావలించుకున్నాడు.)

విరామం తర్వాత నేను అవతలి గోల్‌కి మారితే, తనూ దాని వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఇక లాభం లేదనుకున్నాడేమో, ఆట మళ్ళీ మొదలయ్యాక చర్చి గొంతు విప్పాడు. "ప్రభువా, మా గుంటకి కూడా ఒక్క బంతి రానీ తండ్రీ!" మా డిఫెండర్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు ఇంకా మొహాన ఉండగానే అవతలి జట్టమ్మాయి ఒంటరిగా దూసుకొచ్చింది. ఎదురెళ్ళి ఆమె కాళ్ళ మీదకి దూకాను. బంతి నా గుండెల్లోకి వచ్చింది, నా మోకాలు ఆమె కిందకి వెళ్ళింది. లోపలేదో తెగిన చప్పుడు నాకే వినిపించింది. బంతి మాత్రం వదల్లేదు.

"అదీ! అదీ మా గుంట!" వెనకాల నాన్న ఒకటే చప్పట్లు. నేను లేవడం లేదని ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఆపరేషనయింది. మోకాలు మళ్ళీ మునుపటిలా వంగలేదు. క్లబ్బు ఇంకో అమ్మాయిని చూసుకుంది, నేను ఇంటికొచ్చేశాను. నాన్న ఎవరికీ చెప్పకుండా మా వాకిట్లో మెట్లు పగలగొట్టి ఏటవాలుగా గచ్చు చేశాడు. చర్చిలో పైకి ప్రార్థించడం మానేశాడు. పాస్టరుగారడిగితే గొంతు బాగులేదన్నాడు.

ఓ మధ్యాహ్నం ఆ గచ్చు అంచు సరిచేస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"నాను అడక్కపోతే ఆ బంతి నీ కాడికొచ్చీది కాదు కదే?"

మా డిఫెండరు కాలు జారిందని, అందుకే వచ్చిందని చెప్పబోయాను.

"అదేటో నాకు తెల్దు. అడిగింది నానే కదా."

అన్నాళ్ళూ మోకాలు చూసుకుని ఏడ్చినదాన్ని, ఆయన మొహం చూసి మాటలు వెతుక్కున్నాను. "నువ్వడిగావు కాబట్టే నాన్నా, నేను చేసే పనేమిటో నీకు తెలిసింది."

తాపీ ఆగింది. "బాగా పట్టినావే అమ్మా" అన్నాడు.

ఆ తర్వాత కూడా నాన్న చర్చిలో గొంతు విప్పలేదు. పోయేదాకా పెదవులు కదుపుతూనే ప్రార్థించుకున్నాడు. ఆ మధ్యాహ్నాన్ని తలుచుకున్నప్పుడల్లా మాత్రం, అప్పటి నన్ను చూస్తే నాకే ముచ్చటేస్తుంది. ఆట లేదు, ఉద్యోగం లేదు, కాలు సరిగా వంగదు. అయినా నాన్న మెచ్చుకున్నాడని, ఆ పొడుగు పిల్ల సాయంత్రమంతా వీధిలో కుంటుకుంటూ, కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగింది.