నూనె సూది వద్దన్న మూడు నెలలు

టికెట్ల బ్యాగు కుడి డొక్కలో ఒత్తుకుని నొప్పి పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. నిడదవోలు నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో అప్పటికి ఇరవై రెండేళ్ళుగా కండక్టర్ని. కొవ్వూరు దాటకముందే భరించలేక బ్యాగుని ఎడమ పక్కకి మార్చుకున్నాను. గ్యాస్ అనుకుని రెండు నెలలు సోడాలు తాగాను. నా తెలివి అంతటిది మరి.

ప్యాంటు నడుము దగ్గర నిలవకుండా జారుతుంటే నా భార్య సత్యవతి పోరుపెట్టి కాకినాడ తీసుకెళ్ళింది. అక్కడ స్కాన్ తీసి విశాఖ పొమ్మన్నారు. విశాఖలో సీటీ, ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష అన్నీ అయ్యాక డాక్టరమ్మగారు కూర్చోబెట్టి చెప్పారు.

"హెపటైటిస్ బి మీకు చిన్నప్పట్నుంచీ ఉన్నట్టుందండి. దాంతో లివర్ గట్టిపడి సిరోసిస్ అయింది. దాంట్లో మూడు సెంటీమీటర్ల ట్యూమర్ ఉంది. క్యాన్సరే. ఆపరేషన్‌కి మీ లివర్ తట్టుకోదు, టేస్ అనే చికిత్స చేద్దాం. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కీమో మందుని లిపియోడాల్ అనే నూనెలో కలిపి గడ్డలోకే వదులుతాం."

పక్కనే ఉన్న మా అన్నయ్య లేచి నిలబడ్డాడు. పదెకరాల రైతు. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా పథ్యం చెప్పేది ఆయనే.

"నూనా? లివరు జబ్బోడికి మేం కూరలో తాలింపు కూడా పెట్టమండి. మీరు తిన్నగా లివర్లోకే నూనె ఎక్కిస్తారా? లేరా, పోదాం!"

డాక్టరమ్మగారు ఏదో చెప్పబోయారు. వినలేదు. టికెట్ లేనివాణ్ణి ఎంత పెద్దమనిషైనా బస్సులోంచి దింపేసే నేను, అన్నయ్య లెమ్మంటే ఆసుపత్రి కుర్చీలోంచి లేచి వచ్చేశాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

మూడు నెలలు పొద్దున్నే పరగడుపున పసరు, తర్వాత చప్పిడి మజ్జిగన్నం. నూనె చుక్క లేదు, ఉప్పు లేదు. చూడొచ్చిన ప్రతి ఒక్కరూ ఒక వైద్యుడే. ఒకడు బొప్పాయి ఆకన్నాడు, ఒకడు నేల ఉసిరన్నాడు. "మొహం తేటపడిందిరా" అని అన్నయ్య మురిసిపోయాడు. తేట కాదు, రక్తం లేక పాలిపోయింది! సత్యవతి మాత్రం ఒకరోజు కంచం నా ముందు దబీమని పెట్టి, "మీ అన్నయ్యగారి మాట కోసం చచ్చిపోతారా?" అంది. మర్నాడే విశాఖ బస్సెక్కాం.

"మీరు వెళ్ళినప్పుడు ఒకటే గడ్డండి. ఇప్పుడది ఐదు సెంటీమీటర్లయింది. పక్కన ఇంకోటి లేచింది." డాక్టరమ్మగారు ఇంతే అన్నారు. తిట్టినా బాగుండేది.

టేస్ చేశారు. వారం రోజులు జ్వరం, వాంతులు, ఆగని వెక్కిళ్ళు. కోలుకుంటుండగా అన్నయ్య వచ్చి ఒక చిన్న సీసా చేతిలో పెట్టాడు. "ఫారిన్ మందురా. రాజమండ్రిలో ఒకాయన ఇస్తున్నాడు. కొవ్వు బుడగల్లో పెట్టి ఎక్కిస్తే ఒంట్లో ఇమ్యూనిటీ లేచి క్యాన్సర్ని తినేస్తదంట."

వారెవ్వా! ఆసుపత్రివాళ్ళ నూనె విషం, ఈ ఊరూపేరూ లేనివాడి కొవ్వు అమృతం! సీసా తీసుకెళ్ళి డాక్టరమ్మగారికే చూపించాను.

ఆవిడ నవ్వలేదు. "కొవ్వు బుడగల సంగతి పూర్తిగా అబద్ధం కాదండి. మందుని అలా లివర్‌కి పంపి, ఒంట్లోని రక్షణ కణాల్ని గడ్డ మీదకి ఉసిగొల్పాలని ప్రయోగాలు జరుగుతున్నాయి. ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. ఎప్పటికైనా రావచ్చు. ఈ సీసాలో ఉన్నది మాత్రం అది కాదు. కానీ ఒంటికి ముందే పోరాటం నేర్పే టీకా ఒకటి ఇప్పటికే ఉంది. హెపటైటిస్ బి వ్యాక్సిన్. మీకిక పనిచెయ్యదు. మీ ఇంట్లోవాళ్ళకి పనిచేస్తుంది. ఇది ఎక్కువగా కాన్పులో తల్లి నుంచే బిడ్డకొస్తుంది. మీ అమ్మగారు ఉన్నారా?"

"లేదండి, కామెర్లతో పోయింది."

"అయితే మీ అన్నదమ్ములందరూ, వాళ్ళ పిల్లలూ పరీక్ష చేయించుకోవాలి."

సత్యవతికీ మా అమ్మాయికీ నెగటివ్ వచ్చింది. ఇద్దరికీ టీకా వేయించాను. అన్నయ్య మాత్రం, "నేను రాయిలా ఉన్నాను, నాకెందుకురా?" అన్నాడు. కొడుకునీ వెళ్ళనివ్వలేదు. ఇంటి పరువట! రక్తంలో పురుగుండొచ్చుగానీ ఊళ్ళో తెలియకూడదట.

ఆయన కోడలు పద్మ అప్పుడు ఐదో నెల గర్భిణి. పుట్టింటికి వెళ్తున్నానని చెప్పి మొగుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. "చిన్నమావయ్యగారూ, పరీక్షకి తీసుకెళ్ళండి. మావయ్యగారికి చెప్పకండి" అంది. ఆ అమ్మాయికి నెగటివ్. మొగుడికి పాజిటివ్. పద్మ టీకా వేయించుకుంది. బిడ్డ పుట్టిన రోజే బిడ్డకీ వేయించింది. మొగుడు ఆరు నెలలకోసారి స్కాన్‌కి వెళ్తున్నాడు. ఇప్పటిదాకా గడ్డ లేదు.

నాకు టేస్ నాలుగుసార్లు అయింది. ఐదేళ్ళు గడిచాయి. బస్సు మానేసి డిపోలో కూర్చునే పనిలో ఉన్నాను. తాలింపు పెట్టిన పప్పు తింటున్నాను. రెండో గడ్డ మళ్ళీ పెరుగుతోందని మొన్న స్కాన్‌లో తేలింది. ఆ మూడు నెలలు నాకు ఎవరూ తిరిగివ్వరు.

అన్నయ్య ఇంకా పరీక్ష చేయించుకోలేదు. పండక్కి వెళ్తే మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "చూడరా, రాయిలా ఉంది, మా పోలికే" అన్నాడు. పద్మ వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసింది. ఆ రాయికి పుట్టిన రోజే టీకా పడిందని ఆయనకి ఇప్పటికీ తెలియదు.

చదివేవారికి ఒక్కటే చెప్తాను. మీ ఇంట్లో ఒక్కరికి హెపటైటిస్ బి ఉందని తెలిసినా మిగతా అందరూ రక్తపరీక్ష చేయించుకోండి, జబ్బు లేనివాళ్ళు టీకా మూడు డోసులూ వేయించుకోండి. ఇంటిపెద్ద వద్దన్నాడని మాత్రం ఆగకండి. నేను ఆగాను.