ముప్పాతిక తరుగు

అక్టోబరు రెండో తేదీ ఉదయం ఎలోయ్ సెదియో దాణా కొట్టు బల్ల మీద ఒక గోధుమరంగు కాగితపు సంచీ పెట్టి, మూతికి మూడు మడతలు వేసి, ఎర్ర టేపు అంటించాడు. సగం టేపు మీద, సగం కాగితం మీద పడేలా సంతకం చేశాడు. పక్కన తేదీ, సమయం వేశాడు. లోపల ఉన్నది ఆయన పెరట్లో పెరిగిన గంజాయి మొక్క. ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకోవడం మా న్యూ మెక్సికోలో నేరం కాకుండా పోయి రెండేళ్లు దాటింది. మొక్క ఆయనది, సంచీ ఆయనది, దాన్ని పెట్టబోయే షెడ్డు తాళం ఆయన జేబులోనే ఉంది. అయినా తన సొత్తును తన చేతుల నుంచే కాపాడి చూపించాల్సిన అవసరం ఈ కౌంటీ మొత్తంలో ఆయన ఒక్కడికే ఉంది.

డెబ్బై ఏళ్ల ఎలోయ్ ఒకప్పుడు షెరీఫు ఆఫీసులో సాక్ష్యాల గది గుమస్తా. పోలీసులు పట్టుకొచ్చిన ప్రతి వస్తువునూ తూచి, సంచీలో పెట్టి, సీలు వేసి, కోర్టు అడిగినరోజు బయటికి తీయడం ఆయన పని. 1994 ఆగస్టులో నది పక్కన మొక్కజొన్న చేలో గంజాయి దొరికింది. పోలీసులు దాన్ని పీకిన గంటలోనే తూచారు. పచ్చిది బరువెక్కువ. బరువు ఎక్కువైతే పత్రికలో అక్షరాలు పెద్దవవుతాయి. తొమ్మిది వేల రెండు వందల గ్రాములని మా పత్రిక కూడా మొదటి పేజీలోనే వేసింది. ఎలోయ్ దాన్ని కాగితపు సంచుల్లో రేకుల గదిలో పెట్టాడు. ఏడు నెలల తరవాత కోర్టులో తూస్తే రెండు వేల మూడు వందలు వచ్చింది.

"మిగతా ముప్పాతిక ఎవరు తాగారు?" అన్నాడు ముద్దాయి లాయరు. జడ్జి నవ్వాడు. కేసు పోయింది.

ముగ్గురితో విచారణ సంఘం వేశారు. ఎండిపోయిందని ఎలోయ్ మూడుసార్లు చెప్పాడు. సెప్టెంబరులో ఇద్దరు పట్టి ఎత్తిన పండుమిరప దండను క్రిస్మస్ నాటికి చిటికెన వేలికి తగిలించుకోవచ్చని ఆ ముగ్గురికీ తెలుసు. ముగ్గురి వరండాల్లోనూ అప్పుడు దండలు వేలాడుతూనే ఉన్నాయి. అయితే మిరపకాయ మిరపకాయే, సాక్ష్యం సాక్ష్యమే. దొంగతనం రుజువు కాలేదు, కాలేదని ఎవరూ రాసివ్వనూలేదు. ఎలోయ్‌ని కుక్కల లైసెన్సుల విభాగానికి మార్చారు. పదవీ విరమణ దాకా పద్దెనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఊరు మాత్రం ఆయనకు వెంటనే ఒక పేరు పెట్టింది. ముప్పాతిక.

ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు శ్మశానంలో ఉన్నారు. మూడో మనిషి బెన్నీ అర్మిహో. అప్పట్లో షెరీఫు తరవాతి అధికారి. ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. గుండెలో రెండో బ్యాటరీ నడుస్తోంది. మూడోది పెట్టే ఉద్దేశం డాక్టరుకు లేదని ఊళ్లో అందరికీ తెలుసు. రాసివ్వగలిగిన వాడు ఇక ఆయనొక్కడే. అందుకే సెప్టెంబరు చివర్లో ఒకరోజు ఎలోయ్ టిఫిన్ హోటల్లో ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, చెప్పకుండానే కుర్చీ లాక్కున్నాడు. పక్క బల్ల దగ్గర నేనున్నాను.

"ఒరేయ్ ముప్పాతికా, ఇరవై తొమ్మిదేళ్లయింది. తిన్నది ఇంకా అరగలేదా?" అన్నాడు బెన్నీ.

"తిన్నవాడికి అరుగుతుంది సార్. నేను తినలేదు."

"సరే, తినలేదు. తాగావు."

హోటలంతా నవ్వింది. నవ్వులు ఆగాక ఎలోయ్ అసలు సంగతి చెప్పాడు.

"పెరట్లో మొక్క కోతకొచ్చింది. పచ్చిగా మీ ముందే తూస్తాను. సంచీ మీద మీరూ సంతకం పెట్టండి. పది రోజులయ్యాక మీ ముందే విప్పుతాను. ముప్పాతిక పోతే, అది తరుగే గానీ దొంగతనం కాదని రాసివ్వాలి."

"ఆ కాగితం ఏం చేసుకుంటావు? కుక్కలకు చూపిస్తావా?"

"మీరు రాయండి సార్. గోడకు మేకు కొట్టి ఉంచాను."

బెన్నీ కాఫీ పూర్తిగా తాగి, చేతులు తుడుచుకుని, వస్తానన్నాడు. రిటైరైనవాడికి పది రోజుల తరవాత ఒక పని ఉండటం చిన్న విషయం కాదు.

అలా అక్టోబరు రెండున బెన్నీ ముందే దాణా కొట్టు కాటా మీద మొక్కను పెట్టారు. రెండు వేల నాలుగు వందల పది చూపించింది. లెక్క సులువుగా ఉండాలని ఎలోయ్ ఒక రెమ్మ తుంచి సరిగ్గా రెండు వేల నాలుగు వందలు చేశాడు. ఆ రెమ్మను ఆయన భార్య ఎర్లిండా ఏమీ మాట్లాడకుండా జేబులో వేసుకుంది. ఆ పదిరోజుల్లో ఆమె మాట్లాడకుండా చేసిన పనుల్లో అది మొదటిది.

ఎందుకంటే ఆ మొక్కకు నీళ్లు పోసిందీ, పురుగులు ఏరిందీ ఆమె. నాలుగు మొక్కలు పెడితే జూలై వడగళ్లకు మూడు పోయాయి. ఈ ఒక్కదాన్నీ బకెట్టు బోర్లించి బతికించింది. పందికొవ్వులో దాన్ని కాచి మోకాళ్లకు రాసుకుంటుంది. తొలి ఏడు పంటను భర్తకు అప్పగిస్తే, సాక్ష్యాల గది అలవాటు కొద్దీ సంచీలో కట్టి షెడ్డులో పెట్టాడు. మూడు రోజుల్లో వరుగైపోయింది. నలిపితే పొడి, వాసన చూస్తే ఎండుగడ్డి. రెండో ఏడు ఆమె చేతుల్లోకి తీసుకుంది. స్నానాలగది చీకటి చేసి, కొమ్మలు తలకిందులుగా వేలాడదీసి, చుట్టూ తడి తువ్వాళ్లు ఆరేసి, మిగతా ఊరు కూలర్లు కట్టేశాక కూడా తన కూలరు నడిపి, పన్నెండు రోజులు లాగింది. తరవాత పువ్వుల్ని గాజు జాడీల్లో వేసి నెలపాటు మాగపెట్టింది. రోజుకొకసారి మూత తీసి గాలి చూపించి మళ్లీ మూసేది. నెల తరవాత మూత తీస్తే నేరేడో, ఆప్రికాటో పండిన వాసన వచ్చింది. "ఇక్కడ ఎండబెట్టడం గాడిదకైనా వచ్చు, ఎండకుండా చూడటమే విద్య" అని ఆమె చర్చి మెట్ల మీద నాతో అంది. ఈ ఏడు ఆ రెమ్మ తప్ప మొక్క మొత్తం మళ్లీ సంచీలోకే పోయింది.

"నా మోకాళ్లా, నీ పరువా?" అని అడిగిందట ఆ రాత్రి.

"మోకాళ్లు వచ్చే ఏడాది కూడా ఉంటాయి. బెన్నీ ఉంటాడో లేదో" అన్నాడట ఎలోయ్.

రోజూ ఉదయం షెడ్డు తాళం తీసి టేపు చూసి, సంతకాలు రెండూ చెరగలేదని రూఢి చేసుకుని మళ్లీ తాళం వేసేవాడు. సంచీ అడుగు చూడాలని ఆయనకు తోచలేదు. సాక్ష్యాన్ని దొంగిలించేవాడు మూతి విప్పుతాడని ఆయన చదువు. లోపల ఇంకేదైనా పెట్టడానికి వచ్చేవాళ్ల గురించి ఆయన చదువుకోలేదు.

పన్నెండో తేదీ మధ్యాహ్నం దాణా కొట్టులో అందరం చేరాం. గాలిలో తేమ పదకొండు శాతం అని రేడియో చెప్పింది. బెన్నీ కళ్లద్దాలు మార్చుకుని టేపు పరీక్షించాడు. తన సంతకం తనదేనని ఒప్పుకున్నాడు. సంచీని కాటా మీద పెట్టారు. సంచీ బరువు తీసేస్తే ఏడు వందల తొంభై రెండు.

ఎలోయ్ కాటా వంక చూశాడు. ఆరు వందలు రావాలి.

బెన్నీ పెన్సిలు తీసి అట్టముక్క మీద లెక్క వేశాడు. నిదానంగా, ఆనందంగా వేశాడు.

"మూడింట రెండు వంతులు పోయింది. ఒప్పుకుంటానురా, ఎండుతుంది. తరుగుంది. మరి నీది ముప్పాతిక కదా? రెండు వంతులకీ ముప్పాతికకీ మధ్య ఉన్న ఆ కాస్త సంగతేమిటి? అది తాగావన్నమాట!"

దొంగ అన్నప్పుడు కూడా ఎలోయ్ ముఖం ఇంతగా పాలిపోలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా తొమ్మిది వేల గ్రాముల్లో ముప్పాతిక దొంగ. ఇప్పుడు తన కాటాతో, తన సాక్ష్యంతో, అందులో కాస్త మాత్రం దొంగ.

కోళ్ల దాణా బస్తాల పక్కన నిలబడ్డ ఎర్లిండా గొంతు సవరించుకుంది.

"అందులో రొట్టెలున్నాయి."

"ఏంటీ?" అన్నాడు ఎలోయ్.

"టోర్టిల్లాలు. ఆరు. నాలుగో రోజు సంచీ నొక్కితే గలగలమంది. ఊరుకోలేకపోయాను. రాత్రి నీ జేబులోంచి తాళం తీసుకెళ్లి, మరీ ఎండకుండా వీటిని తడిపి పెట్టాను. రోజు విడిచి రోజు మార్చాను."

ఎలోయ్ సంచీని తలకిందులు చేశాడు. అడుగు మడత మైదా ముద్దతో అంటించి ఉంది. వేలితో తడిమాడు. విప్పి, ఒక్కొక్క రొట్టే తీసి బల్ల మీద పెట్టాడు. ఆరూ కలిపి నూట పద్దెనిమిది గ్రాములు.

"ఇంత శుభ్రంగా ఎలా అంటించావే?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా మెచ్చుకోలే ఎక్కువ వినబడింది. తరవాత బెన్నీ వైపు తిరిగి, "ఇది చెల్లదు సార్" అన్నాడు.

"ఏది చెల్లదు?"

"సీలు బాగానే ఉంది గానీ సంచీలో ఇంకొకరి చెయ్యి పడింది. ఈ సాక్ష్యం నేనైతే కోర్టుకు పంపను."

"నిన్నెవరు పంపమన్నారయ్యా! ఇది దాణా కొట్టు!" అంది ఎర్లిండా.

"చెల్లదన్నాడుగా అమ్మా. మనిషి పద్ధతి తప్పడు, అదొకటి ఒప్పుకోవాలి" అన్నాడు బెన్నీ. కళ్లద్దాలు మళ్లీ మార్చుకుని, వెళ్లడానికి కర్ర అందుకున్నాడు.

రొట్టెలు తీసేశాక మొక్కను రేకు పళ్లెంలో పరిచి కాటా మీదే వదిలేశారు. ఆరు వందల డెబ్బై నాలుగు చూపిస్తోంది. తలుపు దగ్గర ఫ్యాను తిరుగుతోంది. బెన్నీ గుమ్మం చేరేలోగా కొట్టు యజమాని, "ఇది మూడయింది" అన్నాడు.

"ఏది?"

"నాలుగు ఉండేది. ఇప్పుడు డెబ్బై మూడు."

బెన్నీ వెనక్కొచ్చాడు. కాటా పాడైందన్నాడు. పళ్లెం దించి మేకుల డబ్బా పెట్టి చూశారు. ఐదు నిమిషాలైనా అంకె కదల్లేదు. డబ్బా దించి పళ్లెం పెట్టారు. డెబ్బై రెండు.

"ఎవడ్రా తీస్తున్నాడు?"

"అప్పుడూ ఇదే గాలి సార్" అన్నాడు ఎలోయ్. అని ఆరడుగులు వెనక్కి వెళ్లి చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. దగ్గరుంటే, దగ్గి ఎగరగొట్టాడని కేసు పెట్టే మనిషి ఎదురుగా ఉన్నాడు.

బెన్నీ కుర్చీ తెప్పించుకుని కాటా ముందు కూర్చున్నాడు. జీవితంలో ఎన్నో కాపలాలు కాసిన మనిషి. ఇంత శ్రద్ధగా ఒక్కటీ కాసి ఉండడు. డెబ్బై. అరవై ఎనిమిది. అంకె ఒకటి తగ్గినప్పుడల్లా పళ్లెం కింద, పక్కన, పైన చూశాడు. ఒకసారి నన్ను కూడా అనుమానంగా చూశాడు. అంకె తగ్గినకొద్దీ ఎలోయ్ ముఖం తేరుకుంటోంది, ఎర్లిండా ముఖం ముడుచుకుంటోంది. పోతున్న ప్రతి గ్రామూ ఆయన పరువు, ఆమె వారం రోజుల కష్టం.

"ఇక చాలు!" అని చివరికి ఆమె బండిలోంచి జాడీలు తెచ్చి బల్ల మీద టకటకా పెట్టింది. "ఇంకాసేపు చూస్తే గడ్డి మిగులుతుంది. మీ న్యాయం నా మోకాళ్లకు రాసుకోనా?"

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు బెన్నీ.

దాణా బిల్లు వెనక వైపు తిప్పాడు. క్షమాపణ రాయలేదు. ఇరవై తొమ్మిదేళ్ల మాట కూడా ఎత్తలేదు. నివేదికలు రాసిన చేత్తో నివేదికే రాశాడు: "పన్నెండున్నర నుంచి రెండూ పది వరకు నా కళ్లెదుట తరుగు 17 గ్రాములు. ఎవరూ ముట్టుకోలేదు." సంతకం చేసి, మిగిలిన బరువు కింద వేశాడు. 657.