తిరుత్తణిలో రెండు ఎర్ర పూలు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో కొండ ఉంది, కొండ మీద దేవుడున్నాడు, అన్నకు తమ్ముడు చేసిన ద్రోహం ఉంది. ఇలా మొదలుపెట్టాలని నాకు చాలాకాలంగా ఆశ. కానీ ఇది కావ్యం కాదు. ఉన్నదల్లా రెండు గన్నేరు పూలు, ఒక అబద్ధం. ఆ అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మరీ పెద్ద బరువేమీ కాదు. చెప్పులో చేరిన గులకరాయి లాంటిది. తిండి సహిస్తుంది, నిద్ర పడుతుంది. అడుగు వేసినప్పుడల్లా మాత్రం ఉన్నానంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్త. దేశానికి స్వేచ్ఛ తిరిగొచ్చిందని అందరూ అంటున్నారు. నేను మదరాసు కాలేజీలో ఫిలాసఫీ చదువుతున్నాను. కామర్సులో సీటు రాలేదు కాబట్టి ఫిలాసఫీ. మనిషి స్వతంత్రుడు, తన దారి తానే ఎంచుకోవాలి, ఎంచుకోనని తప్పించుకున్నా అదీ ఒక ఎంపికే అని మా మాస్టారు చెప్పేవారు. నాకది కల్లులా ఎక్కింది. సెలవులకు మా ఊరు పళ్ళిపట్టు వస్తే ఇంట్లో అందరినీ స్వతంత్రుల్ని చేసే పనిలో ఉండేవాణ్ణి. మా అమ్మ ఒక్కతే లొంగలేదు. "సరే, స్వతంత్రంగా పొయ్యి రెండు బిందెల నీళ్ళు చేదుకోని రా" అనేది.

మా పెదనాన్న కొడుకు మునిరత్నం అన్న మగ్గం నేసేవాడు. మదరాసు అవతల ఆత్తిపట్టు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో అతనికి ఉద్యోగం వచ్చింది. పెదనాన్న, పెద్దమ్మ, వీధిలో వాళ్ళు, అందరూ పొమ్మన్నారు. అన్న ఏమీ అనలేదు. మామూలుగానే అతను ఏమీ అనడు. ఆ మౌనానికి నేను నా పాఠ్యపుస్తకం ప్రకారం అర్థం చెప్పుకున్నాను. పాపం, మగ్గం గుంటలో కాళ్ళు ఇరుక్కున్నవాడు, బయటపడాలని ఉంది, ధైర్యం లేదు.

ఒకరోజు నన్నే అడిగాడు, "రేయ్, నువ్వేమంటావు? పోనా, వద్దా?" అని. నేనేమీ అననన్నాను. నీ నిర్ణయం నీదే, ఇంకొకరిని అడగడమే బానిసత్వం అని చాలాసేపు చెప్పాను. అతను తెగిన పోగులు అతుకుతూ విన్నాడు. చివరికి, తిరుత్తణి పోయి పూవు అడుగుదామన్నాడు.

మా వైపు ఎటూ తేలని విషయానికి పూవు అడుగుతారు. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి, ఆకుల్లో విడివిడిగా చుట్టి, దారంతో కట్టి, దేవుడి ముందు వేస్తారు. సంగతి తెలియనివాళ్ళెవరైనా ఒక పొట్లం తీస్తారు. ఎర్రదైతే సరే, తెల్లదైతే వద్దు. రెండో పొట్లం విప్పకూడదు. విప్పితే సామిని అనుమానించినట్టు. ఎంత మంచి నియమమో చూడండి. మోసగాడి కోసమే పెట్టినట్టుంది.

పొట్లాలు కట్టింది నేను. రెండింట్లోనూ ఎర్రవే పెట్టాను. అన్నకు స్వేచ్ఛ ఇస్తున్నాననుకున్నాను. ఒక మనిషికి స్వేచ్ఛ ఇవ్వడానికి అతని వీపు వెనక కూర్చుని ఆకులు చుట్టాల్సి వచ్చినప్పుడు, ఎక్కడో ఏదో తేడా ఉందని ఫిలాసఫీ విద్యార్థికి తట్టాలి కదా? తట్టలేదు. పరీక్షలో మార్కులు కూడా అలాగే వచ్చాయి.

సన్నిధి బయట, దణ్ణం పెట్టుకోవడానికి వచ్చిన ఒక అవ్వను తీయమన్నాం. తీసింది. ఎర్రది. అన్న కళ్ళకద్దుకున్నాడు. రెండో పొట్లం నా చేతికిచ్చి, ఎవరూ తొక్కని చోట వెయ్యమన్నాడు. జేబులో పెట్టుకున్నాను. మెట్లు దిగుతున్నాం.

"ఏమన్నా, సంతోషమేనా?" అన్నాను.

"తెల్లది వస్తాదనే కదరా వచ్చినాను."

"అంటే, నీకు పొయ్యేదానికి ఇష్టం లేదా?"

"ఆడ నాకేం పనిరా? నాకు తెలిసింది నేత. నాకదే బాగుంటాది. ఇంట్లో అందురూ పో పో అంటా ఉండారు. సామి వద్దనేస్తే ఎవురూ నోరెత్తరని ఈడికొచ్చినా."

"ఆ మాట నాతో చెప్పుండొచ్చు గదన్నా!"

"నువ్వు యాడ అడిగినావురా? నువ్వు చెప్తానే ఉండావు." నవ్వాడు. "సరి పో. సామే పొమ్మన్నాక ఇంకేముండాది. ఇడ్లీ తిందాం రా, ఆకలవతా ఉండాది."

పొట్లం నా జేబులోనే ఉంది. ఆ మెట్టు మీదే విప్పి చూపించి ఉంటే అయిపోయేది. ఒక చెంపదెబ్బ, నాలుగు తిట్లు, అన్న తిరిగి మగ్గం దగ్గరికి. నా తప్పు పూలు మార్చడమని చాలాకాలం అనుకున్నాను. కాదు. అది తెలివితక్కువ పని, అంతే. అసలు తప్పు ఆ మెట్టు మీద జరిగింది. అతనికేం కావాలో నా చెవులతో విన్నాక, దాన్ని తిరిగిచ్చే వీలు నా జేబులోనే ఉండగా, తమ్ముడి పరువు అన్న బతుకు కన్నా ఎక్కువని లెక్కగట్టి నోరు మూసుకున్నాను. మూసుకున్నాననడం కూడా అబద్ధమే. తెరిచి ఇడ్లీ తిన్నాను. బాగుంది కూడా.

అన్న ఆత్తిపట్టు వెళ్ళిపోయాడు. మగ్గం విప్పి ఎవరికో ఇచ్చేశారు.

ఇప్పుడు అతను బాగానే ఉన్నాడు. అదే చిక్కు. పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు, క్వార్టర్సు ముందు మునగచెట్టు. నేనూ బాగానే ఉన్నాను, తిరువళ్ళూరులో గుమాస్తాగా. ఫిలాసఫీ చదివితే ఇంకేమవుతారు? ఏటా ఆడి కృత్తిక పండగకు అన్న తిరుత్తణి వస్తాడు. "ఆ పొద్దు సామి చెప్పకపోతే నాకీ బతుకు యాడిదిరా" అంటూ నా నొసట విభూది పెడతాడు. మరి అతని సంతోషం నా తప్పును చిన్నది చేస్తుందా? చేయదనుకుంటాను. దారి బాగుండటం వేరు, అది తాను ఎంచుకున్న దారి కావడం వేరు. పోయినసారి నా చొక్కా అంచు వేళ్ళతో నలిపి చూసి, "మిల్లుదా?" అన్నాడు. చొక్కా వదలడానికి కొంచెం ఆలస్యం చేశాడు.

పోనీ, ఇప్పుడు చెబితే? మగ్గం తిరిగి రాదు. పైగా అతనికి మిగిలిన దేవుణ్ణి కూడా లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే, అతనికేం తెలియాలో మళ్ళీ నేనే నిర్ణయిస్తున్నాను. ఎదుటి మనిషిని అడిగి తెలుసుకోవడం ఇంత కష్టమా? నాకు కష్టమే. అడగడం నేర్చుకోకముందే ఉపన్యాసం నేర్చుకున్నాను.

మిమ్మల్ని క్షమించమనడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. చెప్పాను, అంతే. తేలిగ్గా ఉంది.

అన్నకే ఎందుకు చెప్పలేదంటే, పైన రాసిన కారణాలన్నీ నిజమే. ఇంకొకటి కూడా ఉంది. పండగ గుంపులో చెప్పే మాట కాదు, అతని ఇంటికే పోవాలి. తిరువళ్ళూరు నుంచి ఆత్తిపట్టుకు నేరుగా రైలు లేదు. బేసిన్ బ్రిడ్జిలో దిగి, గుమ్మిడిపూండి బండి ఎక్కాలి.