ఐసు బండి గంట

ఐసు బాబాయ్ వీధి మొదట్లోనే గంట అందుకునేవాడు. ఆ మోత వింటే చాలు, పిల్లలు గిన్నెలు పట్టుకుని ఎగబడేవారు. ఆయన గోనెపట్టా తొలగించి, రంపపు పొట్టు దులిపి, ఇనుపచువ్వతో గడ్డను పొడుస్తూ "వేళ్లు జాగ్రత్తరా, అవి నా దగ్గర అమ్మకానికి లేవు" అని నవ్వించేవాడు. ఈ ఎండాకాలం ఆ నవ్వులు లేవు. నిప్పులు చెరిగే ఎండకు మనుషులు పిట్టల్లా రాలిపోతున్నారు. కరెంటు ఉండటం లేదు. ఐసుకు కబురొచ్చిందంటే అది శవం కోసమే. అందుకే ఆయన గంట నాలుకను గుప్పిట్లో బిగించి, చప్పుడు చేయకుండా బండి తోసుకెళ్లి, తలగుడ్డ తీసి, "తల ఎటు పెట్టారమ్మా?" అని మెల్లగా అడగడం అలవాటు చేసుకున్నాడు.

నిన్న బట్టలు కుట్టే అమ్మాయి ఇంటి ముందూ అలాగే అడిగాడు. ఆమె భగ్గుమంది. "మా అమ్మ బతికే ఉంది బాబాయ్! ఒళ్లు కాలిపోతోందని ఐసు తెమ్మన్నాను. గంట కొట్టకుండా ఎందుకొచ్చావ్?" ఆయన గబగబా గడ్డను నేలకేసి కొట్టి, ముక్కలు ఏరి, ఆ ముసలామె చంకల్లో, అరికాళ్లకు అదిమాడు. గుడ్డలో కట్టేలోపే అవి నీళ్లయిపోతున్నాయి. ఇవాళ ఎవరూ పిలవకుండానే, దొరికిన ఒక్క గడ్డా వేసుకుని, వీధి అదిరిపోయేలా గంట కొడుతూ వచ్చాడు. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇక గంట ఆపు బాబాయ్" అంది.